ఉపాధి దాత ఎవరు?

నెల మొదటి తారీఖున జీతం ఇచ్చే యజమాని మన ఉపాధి దాతా? ఈ ప్రశ్న ఏ విశ్వాసిని అడిగినా "కాదు, ఉపాధి ప్రసాదించేవాడు అల్లాహ్‌యే" అని వెంటనే జవాబు చెబుతాడు. నోటితో ఈ మాట చెప్పడం చాలా తేలిక. కాని అదే యజమాని ఒకరోజు పిలిచి, "నీ మనస్సాక్షి ఒప్పుకోని ఈ పని చెయ్యి, లేదంటే ఉద్యోగం మానుకో" అన్నాడనుకోండి. అప్పుడు తెలుస్తుంది, మన నోటి మాటకూ మన గుండెల్లోని నమ్మకానికీ మధ్య దూరమెంతో!

ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఇద్దరు మనుషుల జీవితాలను పరిశీలిద్దాం. ఇద్దరూ ముస్లిములే. ఇద్దరూ అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడి జీవనోపాధి సంపాదించుకున్నవారే. ఆటగాళ్ల జీవితం నుంచి నేర్చుకునేదేముంటుందని కొందరికి సందేహం రావచ్చు. మామూలు ఉద్యోగి జీవితంలో మనస్సాక్షికీ జీతానికీ జరిగే పోరాటం నాలుగు గోడల మధ్యనే ముగిసిపోతుంది. ఆటగాడి విషయం అలా కాదు. అతని జీతమెంతో, ఏ రోజు ఎన్ని పాయింట్లు చేశాడో, ఎప్పుడు ఎదిగాడో, ఎప్పుడు పడిపోయాడో అంతా లోకానికి తెలిసిపోతుంది. అందుకే ఆ జీవితం తెరచిన పుస్తకంలా మన ముందుంటుంది.

ఇరుకైన దారి

అమెరికాలో బాస్కెట్‌బాల్‌కు అత్యున్నత వేదిక ఎన్‌బిఎ. ఇప్పుడు అందులో ఉన్నవి 30 జట్లు. జట్టుకు 15 మంది చొప్పున లెక్కించినా సుమారు 450 మందికే చోటు. లక్షలాది పిల్లలు పాఠశాలల్లో బంతి పట్టుకుంటారు. వారిలో కొద్దిమంది కళాశాల జట్లకు చేరతారు. ఏటా ఒకసారి జరిగే ఎంపికలో సుమారు 60 మంది పేర్లు మాత్రమే పిలుస్తారు. పేరు పిలిచినంత మాత్రాన ఆడే అవకాశం వచ్చినట్టు కాదు. పంజాబ్‌లోని ఒక చిన్న గ్రామం నుంచి వెళ్లిన సత్‌నామ్ సింగ్‌ను 2015లో డల్లాస్ జట్టు 52వ స్థానంలో ఎంచుకుంది. భారతదేశంలో పుట్టిన ఆటగాడు ఈ ఎంపికలో నిలవడం అదే మొదటిసారి. అయినా ఎన్‌బిఎ సీజనులో ఒక్క మ్యాచి కూడా ఆడే అవకాశం ఆయనకు దక్కలేదు.

దక్కినవారికైనా అది ఎన్నాళ్లు? కరీమ్ అబ్దుల్ జబ్బార్ 1989లో 42 ఏళ్ల వయసులో ఆట ముగించడం ఒక అద్భుతంగా చెప్పుకుంటారు. ఎక్కువమందికి 35 ఏళ్లలోపే ఆ తలుపు మూసుకుపోతుంది. ఇతర వృత్తుల్లో మనిషి అప్పుడప్పుడే పైకి వచ్చే వయసు అది!

దారి ఎంత ఇరుకైతే భయం అంత ఎక్కువ. "ఇది పోతే ఇక నాకేమీ లేదు" అనే భయం మనిషిని దేనికైనా తలవంచేలా చేస్తుంది. చేతిలో ఉన్నది చేజారిపోతుందన్న ఈ భయమే మెల్లమెల్లగా దేవుని స్థానాన్ని ఆక్రమిస్తుంది. మనం గమనించం కూడా.

ఉపవాసంతో ఆడిన మనిషి

హకీమ్ ఒలాజువాన్ 1963లో నైజీరియాలోని లాగోస్ నగరంలో జన్మించారు. ముస్లిం కుటుంబం. చిన్నప్పుడు ఆడింది ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్. బాస్కెట్‌బాల్ పట్టుకున్నది పదిహేనేళ్లు వచ్చాకే. 1980లో చదువు కోసం హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1984 ఎంపికలో మొట్టమొదటి పేరు ఆయనదే. పేరూ డబ్బూ వచ్చిపడుతున్న ఆ రోజుల్లో ధర్మాచరణ వెనకబడింది. కొన్నేళ్ల తర్వాత మళ్లీ మసీదు వైపు అడుగులు వేశారు. నమాజు, ఉపవాసాలు ఆయన దినచర్యలో భాగమయ్యాయి.

1993-94 సీజనులో ఉత్తమ ఆటగాడు, ఉత్తమ రక్షణ ఆటగాడు, ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడు - ఈ మూడు గౌరవాలూ ఆయన ఒక్కరికే లభించాయి. ఒకే సీజనులో మూడూ అందుకోవడం అంతకుముందు ఎవరికీ సాధ్యం కాలేదు. 1995లో రమజాన్ నెల ఫిబ్రవరిలో వచ్చింది. తెల్లవారకముందే లేచి సహరీ చేసి, పగలంతా మంచినీళ్లయినా ముట్టకుండా ఉండేవారు. మధ్యాహ్నం మ్యాచి ఉన్న రోజున కూడా, తోటివారు నీళ్లు తాగుతుంటే ఆయన పెదవులు తడుపుకోలేదు. ఆ ఫిబ్రవరి నెలకు ఎన్‌బిఎ ఉత్తమ ఆటగాడిగా ప్రకటించినది ఆయననే.

ఆయన ధర్మపాలన మైదానంతో ఆగిపోలేదు. ఇళ్లస్థలాల వ్యాపారంలో దిగినప్పుడు వడ్డీ నిషిద్ధం కాబట్టి అప్పు తీసుకోకుండా రొక్కం ఇచ్చే కొనేవారు. హ్యూస్టన్ నగరం నడిబొడ్డున ఉన్న ఒక పాత బ్యాంకు భవనాన్ని కొని దాన్ని మసీదుగా, ధర్మప్రచార కేంద్రంగా మార్చారు. వడ్డీ లెక్కలు సాగిన చోట ఇప్పుడు సజ్దాలు జరుగుతున్నాయి!

ఇక్కడే పొరపాటు పడతాం

ఈ సంఘటన మనకెంతో ఇష్టం. పిల్లలకు చెబుతాం. "చూశారా, ఉపవాసం ఉన్నా గెలిచాడు. మీరూ దైవాజ్ఞలు పాటించండి, మీరూ గెలుస్తారు" అంటాం. ఈ మాటలో ఒక ప్రమాదం దాగి ఉంది. ఒకవేళ ఆ నెలలో హకీమ్ బాగా ఆడలేకపోయి ఉంటే? జట్టు ఓడిపోయి, పత్రికలు ఆయన ఉపవాసాన్నే నిందించి ఉంటే? అప్పుడు ఆ ఉపవాసం విలువ తగ్గిపోయేదా?

ఎంతమాత్రం తగ్గేది కాదు. ఉపవాసం గెలుపు కోసం చేసే చిట్కా కాదు. అది దాసుడు తన ప్రభువు ఆజ్ఞకు తలవంచడం. ప్రయాణంలో ఉన్నవానికి, రోగికి ఉపవాసాన్ని తర్వాత పూర్తి చేసుకునే సౌలభ్యాన్ని కూడా ఆ ప్రభువే ఇచ్చాడు. పాటించడంలోనూ, సౌలభ్యం తీసుకోవడంలోనూ చూడవలసింది ఆయన ఇష్టాన్నే తప్ప స్కోరు బోర్డును కాదు. "నేను నీకు నమాజు చేస్తాను, నువ్వు నాకు విజయం ఇవ్వు" అనడం ఆరాధన కాదు, బేరం. బేరం కుదరని రోజున అలాంటివాడు ధర్మాన్ని కూడా వదిలేస్తాడు.

అందుకే మన పిల్లలకు రెండో కథ కూడా చెప్పాలి.

మూల్యం చెల్లించిన మనిషి

1969లో మిసిసిపీ రాష్ట్రంలోని గల్ఫ్‌పోర్ట్‌లో ఒక పేద నల్లజాతి కుటుంబంలో క్రిస్ జాక్సన్ జన్మించాడు. తండ్రి అండ లేదు. తల్లి ఒంటరిగా ముగ్గురు కొడుకులను పెంచింది. కుర్రవాడికి టూరెట్ సిండ్రోమ్ అనే నరాల రుగ్మత ఉంది. ఒళ్లు తనకు తెలియకుండానే అదురుతుంది. ఒక పని తన మనసుకు సరిగ్గా కుదిరేదాకా మళ్లీ మళ్లీ చేయాల్సిందే. బూటు తాడు కట్టుకోవడానికే ఎంతో సమయం పట్టేది. ఆ జబ్బు పేరేమిటో అతనికి పదిహేడేళ్లు వచ్చేదాకా తెలియనే లేదు. బళ్లో మందబుద్ధుల తరగతిలో కూర్చోబెట్టారు.

కాని ఆ బాధలోనే ఒక వరం దాగి ఉంది. బంతి తాను అనుకున్నట్టే వలలో పడేదాకా అతను ఇంటికి వెళ్లేవాడు కాదు. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాదే మ్యాచికి సగటున 30.2 పాయింట్లు చేశాడు. 1990 ఎంపికలో డెన్వర్ జట్టు అతన్ని మూడవ స్థానంలో తీసుకుంది. 1991లో ఇస్లాం స్వీకరించి, 1993లో మహమూద్ అబ్దుల్ రవూఫ్‌గా పేరు మార్చుకున్నారు. 1993-94లో 229 ఫ్రీ త్రోలు వేస్తే 219 రింగులో పడ్డాయి. 1995 డిసెంబరులో యూటా జట్టుపై ఒక్క మ్యాచిలో 51 పాయింట్లు సాధించారు.

అదే సీజనులో, మ్యాచికి ముందు జాతీయ గీతం పాడేటప్పుడు ఆయన నిలబడడం మానేశారు. ఆ పతాకం కొందరి దృష్టిలో అణచివేతకు చిహ్నమనీ, ఆ వందనం తన విశ్వాసంతో పొసగదనీ ఆయన వాదన. ఆటగాళ్లందరూ గౌరవంగా నిలబడాలన్నది ఎన్‌బిఎ నియమం. 1996 మార్చి 12న ఆయన్ని సస్పెండ్ చేశారు. మ్యాచికి 31,707 డాలర్ల జీతం నష్టం. రెండు రోజుల్లో ఒక ఒప్పందం కుదిరింది. గీతం పాడేటప్పుడు ఆయన నిలబడతారు, తల వంచి, చేతులెత్తి తన ప్రభువును ప్రార్థించుకుంటారు. మళ్లీ మైదానంలోకి వస్తే జనం హేళన చేశారు.

ఆ సీజనులో తన జట్టులో అందరికంటే ఎక్కువ సగటు పాయింట్లు చేసినది ఆయనే. అయినా ఆ వేసవిలోనే ఆయన్ని శాక్రమెంటో జట్టుకు బదిలీ చేశారు. అక్కడ ఆడే సమయం క్రమంగా తగ్గిపోయింది. 1998 నాటికి, 29 ఏళ్ల వయసులో, ఎన్‌బిఎలో ఆయనకు చోటు లేకుండా పోయింది. టర్కీ వెళ్లారు. 2000-01లో వాంకూవర్ జట్టు పిలిస్తే వచ్చి 41 మ్యాచిలు ఆడారు. ఎన్‌బిఎలో అవే చివరివి. 2001లో మిసిసిపీలో ఆయన కట్టుకున్న ఇల్లు అగ్నికి ఆహుతయింది. ఆ తర్వాత రష్యా, ఇటలీ, గ్రీస్, సౌదీ అరేబియా, జపాన్ - బంతి చేతపట్టుకుని దేశదేశాలు తిరిగారు. 2011లో కూడా, 42 ఏళ్లకు, జపాన్‌లోని క్యోటో జట్టుకు ఆడుతూనే ఉన్నారు.

ఆయన చేసింది సరైనదేనా?

ఈ ప్రశ్నకు ముస్లిములంతా ఒకే జవాబు చెప్పలేదు. స్వయంగా హకీమ్ ఒలాజువాన్ ఆ రోజుల్లో వేరే అభిప్రాయం వెలిబుచ్చారు. మంచి ముస్లిం అంటే మంచి పౌరుడు కూడా, గౌరవించడమే మన ధర్మబోధ అన్నది ఆయన మాటల సారాంశం. ఒకే ధర్మాన్ని మనసారా నమ్మిన ఇద్దరు మనుషులు ఒకే విషయంలో వేరువేరు నిర్ణయాలకు వచ్చారు. ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. స్పష్టమైన ఆజ్ఞ ఉన్నచోట విశ్వాసికి రెండో ఆలోచన ఉండదు. స్పష్టత లేనిచోట నిజాయితీగా ఆలోచించేవారి మధ్య కూడా భేదాభిప్రాయం వస్తుంది.

మరి మొండితనానికీ మనస్సాక్షికీ తేడా ఎలా తెలుసుకోవాలి? మొండివాడు కూడా "నా మనస్సాక్షి" అనే అంటాడు కదా! అబ్దుల్ రవూఫ్ జీవితంలో మూడు గుర్తులు కనిపిస్తాయి.

మొదటిది, మూల్యం ఎవరు చెల్లించారు? తన నిర్ణయానికి జీతం పోగొట్టుకున్నది ఆయనే, పదవి పోగొట్టుకున్నది ఆయనే. తన పట్టుదలకు ఇతరుల చేత మూల్యం కట్టించేది మనస్సాక్షి కాదు.

రెండవది, ఇతరుల మాట వినడం. ఆయన సలహాకు చెవి ఒగ్గారు. నిలబడి ప్రార్థించే మార్గం కనబడినప్పుడు దాన్ని స్వీకరించారు. అహంకారి అయితే "ఒక్క అడుగు కూడా తగ్గను" అనేవాడు. ఆయన తగ్గింది డబ్బు కోసమే అనుకోవడానికి వీల్లేదు. నిలబడ్డప్పుడు కూడా చేతులెత్తింది తన ప్రభువు ముందే.

మూడవది, నష్టం వచ్చాక ప్రవర్తన. తలుపు మూసుకున్నాక ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఎక్కడ పని దొరికితే అక్కడికి వెళ్లారు. ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. ఉపాధి దాత అల్లాహ్ అని నమ్మినవాడు ప్రయత్నం మానడు. ఒక్క తలుపునే పట్టుకుని వేలాడడు, అంతే.

2020లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం ఆయన 35వ నెంబరు జెర్సీని గౌరవ చిహ్నంగా ఎగురవేసింది. 2023లో ఆయనపై ఒక డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. "చివరికి న్యాయం జరిగింది కదా" అని ఊరట పడాలనిపిస్తుంది. కాని జాగ్రత్త! హకీమ్ విషయంలో చేసిన పొరపాటే ఇక్కడా చేయవద్దు. ఆ జెర్సీ ఎన్నటికీ ఎగరకపోయినా, ఆ చిత్రం రాకపోయినా ఆయన నిజాయితీ విలువ అంతే. మనుషులు ఇచ్చే గౌరవం ఆలస్యంగా రావచ్చు, అసలు రాకనే పోవచ్చు. లెక్క చూసేవాడు వేరే ఉన్నాడు.

మన సంగతి ఏమిటి?

ప్రియ పాఠకులారా! మనలో ఎవరమూ ఎన్‌బిఎలో ఆడబోవడం లేదు. కాని ఆ పరీక్ష మన గుమ్మం ముందుకు రోజూ వస్తూనే ఉంటుంది. తూకంలో కాస్త తగ్గించమని చెప్పే దుకాణం యజమాని, దొంగ బిల్లు రాయమని చెప్పే పై అధికారి, లంచం ఇవ్వకపోతే కాంట్రాక్టు రాదని చెప్పే మధ్యవర్తి - వీరంతా మనల్ని అడుగుతున్నది ఒక్కటే: "నీ ఉపాధి దాత ఎవరు?"

పిల్లల పెంపకంలోనూ ఇదే ప్రశ్న. "ఏమవుతావు? ఎంత సంపాదిస్తావు?" అని పిల్లవాడిని పదేపదే అడుగుతాం. "సంపాదించడం కోసం ఏది చెయ్యనంటావు?" అని ఒక్కసారైనా అడిగామా? ఈ ప్రశ్నకు జవాబు ముందుగానే మనసులో స్థిరపరచుకోకపోతే, పరీక్ష వచ్చిన రోజున భయమే మన తరఫున జవాబు చెబుతుంది.

చేతి నైపుణ్యం, కాళ్ల బలం, యౌవనం - ఇవన్నీ మనకు అప్పగించిన అమానతులు. యౌవనాన్ని దేనికి వెచ్చించావు, ధనాన్ని ఎలా సంపాదించి ఎలా ఖర్చు చేశావు అని ప్రళయదినాన విచారణ జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆటగాడి బలం 35 ఏళ్లకు తగ్గిపోతుంది, మనది 60కి తగ్గిపోవచ్చు. తేడా అంతే. ఆ రోజు స్కోరు ఎవరూ అడగరు.

గెలుపులో గర్వానికీ, ఓటమిలో నిరాశకూ లోనుకాకుండా, ధర్మసమ్మతమైన ఉపాధితో తృప్తిపడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.