స్థావరమునకై జంగమమును బలియీయవచ్చునా?

బసవేశ్వరుని బోధలో స్థావర జంగమ విచారము ప్రధానమైనది. నిలిచియున్న కట్టడము కాలమునకు లోబడును. చైతన్యరూపమైన జంగమమే శివునకు నిజమైన నెలవు. ఈ విచారము మఠములలోని చర్చలకే పరిమితము కాదు. దేశముల నడుమ రేగుచున్న కలహములకును ఇది గీటురాయి.

కంబోడియా, థాయిలాండు దేశముల సరిహద్దున, డాంగ్రెక్ పర్వతముల అంచున ప్రేహ్ విహేర్ అను ప్రాచీన శివాలయము కలదు. ఖ్మేరు రాజులు శిఖరేశ్వరుని పేర దానిని నిర్మించిరి. 11వ శతాబ్దమున విస్తరించిన ఆ నిర్మాణము 12వ శతాబ్దమునను సాగెను. బసవేశ్వరుడు మానవదేహముననే దేవాలయమును చూపినదియు ఆ శతాబ్దముననే.

1904 నాటి ఒడంబడిక జలవిభాజక రేఖను సరిహద్దుగా నిర్ణయించినది. 1907లో ఫ్రెంచి అధికారులు సిద్ధపరచిన పటము మాత్రము ఆలయమును కంబోడియాలో చూపినది. వివాదమునకు మూలమిదియే. 1954లో థాయి సైన్యము ఆలయమును ఆక్రమించెను. 1962లో హేగు నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానము అది కంబోడియాదేయని తీర్పు చెప్పెను. 2008లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చగా, గౌరవము కావలసినది వైరమునకు హేతువాయెను. ఆ సంవత్సరమే తుపాకులు ప్రేలెను. 2011లో ఫిరంగి గుండ్లకు ఆలయశిలలు సైతము దెబ్బతినెను. 2013లో న్యాయస్థానము తన తీర్పును మరల వివరించినను, 2025లో సరిహద్దు పొడవునను యుద్ధము చెలరేగినది. పలువురు మరణించిరి, లక్షలాది జనులు ఇల్లువాకిళ్ళు విడిచిపోయిరి.

నేడు ఆ రెండు దేశములలోను బౌద్ధులే అధికసంఖ్యాకులు. శివునకై శిల చెక్కిన చేతులు ఏనాడో మట్టిలో కలిసినవి. ఇక కలహము దేవుని కొరకా, నేల కొరకా?

అట్లయిన ప్రాచీనాలయములను ఉపేక్షింపవలెనా యని కొందరు ప్రశ్నింపవచ్చును. అట్లనుట తగదు. పూర్వుల కాయకమును కాపాడుట ధర్మమే. ఏది ఎవరి భూమియో నిర్ణయించుట న్యాయస్థానముల పని. ఆ నిర్ణయమునకు తలయొగ్గుట రాజ్యముల విధి. కాని వారసత్వమనగా హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడ. ఆలయము నాదని పలుకువాడు దాని నీడన నివసించు రైతును, బాలుని, పొరుగుదేశపు యాత్రికుని సైతము కాపాడవలెను. పట్టికలో పేరు చేరినంతమాత్రమున శిలకు పవిత్రత పెరుగదు. పేరు లేనంతమాత్రమున తరుగదు.

రాయి పగిలిన శిల్పి అతుకగలడు. ప్రాణము పోయిన అతుకువాడు లేడు. దాసోహభావము లేని స్వామ్యము అహంకారమేయని శరణమార్గమున నడచువారు ఎరుగుదురు. తమ ఊరి గుడి, మఠముల హద్దుల తగవులందును వారు ఈ వివేకమునే పాటింతురు గాక!