హెచ్చరికకు ఆవల

ప్రతి తుపాను తర్వాతా మన పట్టణాలలో ఒక మాట వినిపిస్తూ వుంటుంది: "చెప్పినా వినలేదు; ఇక ఎవరేం చేస్తారు?" ఈ మాట అనేవాడు సాధారణంగా క్రూరుడు కాడు. చందా అడిగితే ఇస్తాడు, బట్టలు మూటగట్టి పంపుతాడు, పోయినవారి కోసం నిజంగానే నొచ్చుకుంటాడు. అయినా ఆ ఒక్క వాక్యంతో అతడొక తీర్పు చెప్పివేస్తున్నాడు. గాలి సముద్రానిది, హెచ్చరిక ప్రభుత్వానిది, చావు మాత్రం చచ్చినవాడి స్వయంకృతం అని. ఈ తీర్పు న్యాయమైనదేనా అన్నదే నేనిక్కడ పరిశీలించదలచుకున్న ప్రశ్న.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ తీర్పు నేనూ చెప్పినవాడినే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. కళాశాల తిరిగి తెరిచాక, తరగతిలో శాస్త్రీయ దృష్టిని గురించి మాట్లాడుతూ, హెచ్చరిక విని కూడా ఇల్లు కదలనివారిని ఉదాహరణగా చెప్పాను. అజ్ఞానమనీ, కర్మవాదమనీ మనకు అలవాటైన రెండు మాటలూ వాడాను. వెనుక బల్ల నుండి ఒక విద్యార్థి లేచాడు. సముద్రపొడ్డు పల్లె నుండి వచ్చినవాడు. ఆ యేడాదంతా కలిపి పది మాటలు మాట్లాడి వుండడు.

"మా అమ్మ కదల్లేదు సార్" అన్నాడు. "తెలియక కాదు. ఫోనులో మెసేజి వచ్చింది, మైకులో చెప్పారు, పోలీసులూ వచ్చి చెప్పారు. అంతకుముందొకసారి అందరం షెల్టరుకు వెళ్ళాం. తుపాను పక్కకు పోయింది. తిరిగొచ్చేసరికి వల లేదు. ఆ వల అప్పు ఇంకా తీరలేదు." కొంచెం ఆగి, "ఈసారి నాన్ననూ చెల్లినీ పంపించి, తను వుండిపోయింది" అని కూర్చున్నాడు.

ఆ రాత్రి ఆమెకు ప్రమాదం జరగలేదు. జరిగి వుంటే ఆమెను గురించి కూడా మనం అదే వాక్యం అనేవాళ్ళం. ఆమె చేసినదానిలో కర్మవాదం ఎక్కడున్నది? రావచ్చునో రాకపోవచ్చునో తెలియని మృత్యువు ఒకవైపు, తప్పక వచ్చే వడ్డీ ఒకవైపు. ఈ రెంటినీ తూచి, ఇంటిల్లిపాదికీ బదులు తనొక్కతే ప్రమాదాన్ని నెత్తిన వేసుకున్నది. అది అజ్ఞానం కాదు, అతి కఠినమైన లెక్క. అటువంటి లెక్క వేయవలసిన అవసరం నెల జీతగాడినైన నాకు ఏనాడూ కలగలేదు. నా ఇంటికి తాళం వున్నది, జీతానికి గాలితో సంబంధం లేదు. ఖర్చులేని వివేకాన్ని నేను నా గుణమనుకున్నాను.

దివిసీమను తలవకుండా ఈ చర్చ సాగదు. 1977 నవంబరు 19న తుపాను తాకినప్పుడు దాదాపు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చి పల్లెల్ని ముంచివేసింది. అధికార లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది పోయారు. తుపాను వస్తున్నదన్న హెచ్చరికలు లేకపోలేదు. కాని నాగాయలంక, కోడూరు ప్రాంతాల తీర గ్రామాలలో పూరిగుడిసెల మధ్య ఆ మాట విన్నవాడు ఎక్కడికి వెళ్ళాలి? ఎక్కడానికి మేడ లేదు, పోవడానికి బండి లేదు. చోటు చూపని హెచ్చరిక వార్త మాత్రమే. తీరం పొడుగునా తుపాను షెల్టర్లు కట్టే పని ఆ మహా విషాదం తర్వాతనే ఊపందుకున్నది. 1990 మే నెలలో మళ్ళీ తీవ్రమైన తుపాను కృష్ణా డెల్టాను తాకినప్పుడు లక్షలాది మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యికి అటూ ఇటూ. ఒడిశాలో 1999లో దాదాపు 10 వేల మంది పోతే, 2013లో ఫైలిన్ నాడు ఆ సంఖ్య పదుల్లో ఆగింది. సముద్రం మారలేదు, మనిషి స్వభావమూ పదేళ్ళలో మారదు. మారినది ఏర్పాటు. కనుక చావుల సంఖ్యను ప్రకృతి ఖాతాలోనో, చచ్చినవారి మూర్ఖత్వం ఖాతాలోనో వేయడానికి వీలులేదు.

స్వేచ్ఛ అంటే ప్రకృతి నియమాల నుండి తప్పించుకోవడం కాదనీ, వాటిని తెలుసుకుని మన ప్రయోజనానికి వినియోగించుకోవడమనీ ఎంగెల్స్ వాదించాడు. ఈ వాదాన్ని మనం తరచు సగమే గ్రహిస్తాము. తెలుసుకోవడం ఉపగ్రహమూ, వాతావరణ శాఖా చేస్తున్నవి. వినియోగించుకునే శక్తి ఎవరి చేతిలో వున్నది? జ్ఞానం అందరికీ పంచి, సాధనాలు కొందరికే వుంచితే, ఆ జ్ఞానం పేదవాడి పాలిట నేరారోపణ పత్రమవుతుంది. "నీకు తెలుసుగదా!" అనడానికి మనకు వీలిస్తుంది.

ఇది వెనుకబడిన దేశాల సంగతి మాత్రమే కాదు. 2005 ఆగస్టు 28న, కత్రినా హరికేన్ తాకడానికి ఒకరోజు ముందు, అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ ప్రజలందరూ నగరం విడిచిపోవాలని ఉత్తర్వు వెలువడింది. కారున్నవారు పోయారు. కారులేని వేలాది పేదలు, అత్యధికంగా నల్లజాతివారు, వుండిపోయారు. కరకట్టలు తెగి నగరం మునిగాక, సమాఖ్య ప్రభుత్వ సహాయ సంస్థ అధిపతి, ముందస్తు హెచ్చరికను పాటించనివారే చాలావరకు మృతుల సంఖ్యకు కారణమన్నట్లు మాట్లాడాడు. మన పట్టణాల మాటే అది. భాష వేరైనా వాక్యం ఒకటే.

ఇక్కడొక ఆక్షేపణ రావచ్చును. పేదవాడికి అసలు బాధ్యతే లేదంటావా? అతడిని కేవలం పరిస్థితుల కీలుబొమ్మను చేయడం కూడా అవమానమే కదా? ఆక్షేపణ సబబైనదే. చోటూ, బండీ, భరోసా అన్నీ వుండి, మొండితనంతో పిల్లల్ని కూడా ఇంట్లో వుంచేవాడు తప్పు చేసినవాడే. నేననేది, బాధ్యతకు ఒక వరుస వున్నదని. కదలడానికయ్యే మూల్యాన్ని సమాజం భరించిన తర్వాతనే కదలనివాడిని ప్రశ్నించే హక్కు సమాజానికి వస్తుంది. అంతకుముందు ప్రశ్నిస్తే అది నీతి కాదు, బరువు దించుకోవడం.

మూల్యాన్ని భరించడం అసాధ్యమైన ఆదర్శమేమీ కాదు. 2004లో ఐవాన్ హరికేన్ సమయంలో క్యూబా దాదాపు 20 లక్షల మందిని తరలించింది. అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు. పేటపేటలోని సంఘాలు ఏ ఇంట్లో వృద్ధులున్నారో, ఎవరిని ఎవరు తీసుకుపోవాలో ముందే నిర్ణయించుకున్నాయి. మనుషులతోపాటు పశువుల్నీ, విలువైన సామాన్లనూ కూడా తరలించే ఏర్పాటు వున్నది. క్యూబాను స్వర్గమనను, మరుసటి యేడు డెనిస్ హరికేన్‌లో అక్కడ 16 మంది పోయారు. కాని సామానుకూ ప్రాణానికీ వున్న సంబంధాన్ని వారు గుర్తించారు. పేదవాడి వస్తువు వట్టి వస్తువు కాదు, రేపటి కూడు.

ఇక తుపాను వెలిసిన తర్వాతి సంగతి. సహాయం అనేది గడచినదానికి ఓదార్పు అని మనం అనుకుంటాము. నిజానికది రాబోయే తుపానుకు సన్నాహం. ఈసారి వల పోయినవాడికి వల దొరికితే, వచ్చేసారి వాడు నిశ్చింతగా షెల్టరుకు నడుస్తాడు. కాని జరుగుతున్నదేమిటి? నష్టాన్ని ఆస్తినిబట్టి కొలుస్తారు. ఎక్కువ వున్నవాడిదే ఎక్కువ నష్టంగా తేలుతుంది. మిచౌంగ్ నాటికి డెల్టాలో ఎన్నో పొలాల్లో వరి పనల మీద వున్నది. నీళ్ళలో నానినది కౌలుదారు పెట్టుబడి. భూమి కాగితం మాత్రం యజమానిది. 2019లో వచ్చిన చట్టం కౌలుదారు సాగు పత్రానికి భూయజమాని అంగీకారం కావాలన్నది. ఆ అంగీకారం దొరకనివాడు నష్టజాబితాలో తన పేరెలా చూసుకుంటాడు? కోత కూలి పోగొట్టుకున్న మనిషి పేరు ఏ జాబితాలో వెతకాలి? ఇవన్నీ కళ్ళారా చూసినవారు మరుసటిసారి మైకు విని కదలకపోతే, వారు హెచ్చరికను నమ్మక కాదు, మనల్ని నమ్మక.

కనుక తుపాను సన్నాహమంటే ఇసుక బస్తాలూ, కొవ్వొత్తులూ మాత్రమే కాదు. ఖాళీచేసిన ఇళ్ళకు కాపలా, పడవకూ వలకూ పూచీ, పోయిన పనిదినాలకు కూలి, సాగుచేసినవాడి పేరిట నష్టపరిహారం, ఇవి సన్నాహంలో భాగాలు. వీటిని దయగా కాక హక్కుగా అడగడం ఆ ప్రజల పని. ఆ అడగడంలో వారి పక్కన నిలబడడం మన పని.

ఆ మర్నాడు తరగతిలో నేను చెప్పినది తప్పని ఆ విద్యార్థి ముందూ, అందరి ముందూ ఒప్పుకున్నాను. అతడేమీ అనలేదు. సాయంత్రం మాత్రం నా గదికి వచ్చి, ఊళ్ళో వలలు పోయినవాళ్ళ జాబితా రాసి కలెక్టరుగారికి అర్జీ పెట్టాలనుకుంటున్నామనీ, రాసి పెడతారా అనీ అడిగాడు. రాశాను. తెలుగు ఎం.ఏ. చదివినందుకు నాకు దొరికిన మంచి పనులలో అదొకటి.