బడి పండుగలో చోటెవరికి?



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లోని మన కుటుంబాలు దసరా సెలవుల ముందు తరచు వేసే ప్రశ్న ఒకటున్నది. “ఫాదర్, బడిలో బతుకమ్మ ఆడమంటున్నారు. మా పాప ఆడవచ్చునా?” పదిమందితో కలవాలంటే విశ్వాసాన్ని పక్కన పెట్టాలా? విశ్వాసం నిలవాలంటే పదిమందికి దూరం కావాలా?

ఈ రెండే దారులనుకోనక్కరలేదు. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన పత్రాలలో ఒకటి క్రైస్తవ విద్యను గురించినది, మరొకటి ఇతర మతాలతో శ్రీసభ సంబంధాన్ని గురించినది. రెండూ ఒకే రోజున రావటం నాకు అర్థవంతంగా తోస్తుంది. తంగేడు, గునుగు పూలు పేర్చి తోటిపిల్లలతో చప్పట్లు కొడుతూ తిరగటం వేరు, గౌరమ్మకు పూజ చేయటం వేరు. ఆ తేడా పిల్లకు ఇంట్లో మీరే నేర్పాలి. 1985లో కేరళలో జాతీయగీతం పాడటానికి మనస్సాక్షి ఒప్పని ముగ్గురు యెహోవాసాక్షుల పిల్లలను బడినుండి తీసివేశారు. పాడకపోయినా వారు గౌరవంగా లేచి నిలబడేవారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమన్నది. మన పిల్లలకూ అలాంటి చోటు అడగవచ్చు, ఇతరుల పిల్లలకు మన బడుల్లో ఇవ్వనూ వచ్చు.

నిజానికి నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ ప్రశ్న కాదు. ఆడాలా వద్దా అని తేల్చుకునే అవకాశమే లేని పిల్లల సంగతి.

ప్రతి ఉదయం బడిలో చెప్పించే ప్రతిజ్ఞ మన తెలుగువారు రాసినదే. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉన్నప్పుడు 1962లో రాశారు. దేశవాసులంతా తోబుట్టువులని పిల్లలు చెయ్యి చాచి చెప్పేది ఆ వేళనే. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నడిగడ్డ సీడుపత్తి చేలల్లో ఆ వేళకు క్రాసింగు పని సాగుతుంటుంది. ముందురోజు సాయంత్రం మొగ్గలు విప్పి కేసరాలు తీసేస్తారు, పొద్దున్నే మగపువ్వు పుప్పొడి అద్దుతారు. ఈ పనిలోకి ఏళ్ల తరబడి పిల్లలను, అందులోనూ ఆడపిల్లలను దించారు. ఇప్పటికీ అది పూర్తిగా ఆగలేదు. స్వాతంత్ర్య దినం, బడి బతుకమ్మ, రెండూ ఈ కాలంలోనే వస్తాయి. బడిని మనదనిపించే రోజులన్నీ ఆ పిల్ల చేలో ఉన్నప్పుడే గడిచిపోతాయి.

మంచి పనులు చేస్తూ చేస్తూనే మంచివారమవుతామని అరిస్టాటిల్ బోధించాడు. ఆచారాల బలమూ అందులోనే ఉన్నది. అయితే ఏటా వరుసలో ఖాళీని చూసి అలవాటుపడిన పిల్లలు ఆ ఖాళీని గమనించటం కూడా మానేస్తారు. ఇదీ అలవాటే కదా!

కొరింతు సంఘంలో కలిగినవారు ముందే తిని కూర్చుంటే లేనివారు ఆకలితో ఉండేవారు. అది ప్రభువు భోజనమే కాదని పునీత పౌలుగారు కఠినంగా మందలించారు (1 కొరింతి 11). పేదవాణ్ణి సిగ్గుపరచే విందును ఆయన ఆచారంగా ఒప్పుకోలేదు. మన వార్షికోత్సవాలను ఒకసారి చూడండి. డ్యాన్సు దుస్తుల అద్దె కట్టలేని పిల్ల ఆ రోజు కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోతుంది. దాన్ని టీచరు నమ్ముతారు, లేక నమ్మినట్టుంటారు.

మన విచారణల్లో సీడుపత్తి వేసే రైతులూ ఉన్నారు. కూలి దొరకదు, కంపెనీ గడువు ఆగదు అంటారు. ఆ ఇబ్బంది నిజమే. అయినా ఎవరి పిల్ల చేత ఆ పువ్వు విప్పిస్తున్నామన్నది అడగకుండా సత్ప్రసాదం దగ్గరకు రాలేము.

నవంబరు 14 నాటికి క్రాసింగు చాలావరకు ముగుస్తుంది. ఆ బాలల దినోత్సవాన తిరిగివచ్చిన పిల్లలను వరుసలో ముందు నిలబెట్టి, ప్రతిజ్ఞ వారితోనే చెప్పించమని మీ బడి పెద్దలను అడగండి. పైసా ఖర్చులేని పని. దసరా తరువాత గుంపు మేస్త్రీల వెంట అమ్మానాన్నలతో వెళ్లినవారు అప్పటికీ రారు. వారి పేర్లు హాజరుపట్టీలోనుండి కొట్టివేయకుండా ఆ రోజు పైకి చదవమనండి.