ప్రాణం పణంగా పెడితే నిజమైపోతుందా?

1892 అక్టోబర్ 7న మ్యూనిక్‌లో మాక్స్ ఫన్ పెటెన్‌కోఫర్ అనే డెబ్బై మూడేళ్ల శాస్త్రవేత్త కలరా క్రిములున్న ద్రావణం తాగేశాడు. కడుపులోని ఆమ్లం వాటిని చంపేసిందని రేపెవరూ అనకూడదని సోడా బైకార్బనేట్ కూడా వేసుకున్నాడు.

కలరాకి ఆ క్రిమే కారణమని రాబర్ట్ కాక్ అప్పటికే చెప్పాడు. క్రిమి ఒక్కటే చాలదు, ఆ ఊరి నేల, నేలలో తేమ కూడా కలిసి రావాలన్నది పెటెన్‌కోఫర్ వాదం. తాగాక ఆయనకి కొన్నాళ్లు విరేచనాలయ్యాయి, అంతే. ఇంకేం, నా మాటే నెగ్గింది అనుకున్నాడు.

ఆయనేమీ మోసగాడు కాదు. మ్యూనిక్‌కి మంచినీళ్లు, మురుగుకాల్వలు రావడం వెనక ఆయన కృషి ఉంది. పైగా పరీక్ష కోసం ఇంకొకరి బిడ్డని వెతకలేదు, తన ఒంటినే ఇచ్చాడు. అయినా పొరబడ్డాడు.

ఆ ఏడాదే హాంబర్గ్‌లో కలరాకి ఎనిమిది వేల మందికి పైగా చచ్చిపోయారు. ఆ ఊరు ఎల్బే నది నీళ్లని వడకట్టకుండానే ఇళ్లకి పంపేది. పక్కనే ఆనుకుని ఉన్న ఆల్టోనా కూడా ఆ నది నీళ్లే వాడేది, కానీ ఇసుకలో వడకట్టి. నేల అదే, గాలి అదే. ఆల్టోనాలో మాత్రం రోగం పెద్దగా అంటుకోలేదు. ఎవరూ తలపెట్టని ఈ పరీక్ష ముందు ఆ ఒక్క గ్లాసు సాక్ష్యం ఏపాటిది?

మరి 1984లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ కూడా అలాగే క్రిములు తాగాడు కదా, 2005లో నోబెల్ వచ్చింది కదా అనొచ్చు. నిజమే. కానీ ఆయన తాగేముందే కడుపు లోపల పరీక్ష చేయించుకున్నాడు, తాగాక మళ్లీ చేయించుకున్నాడు. అప్పుడు కూడా తేలింది కడుపు లోపలి పొర వాచిందనే, పుండు పడిందని కాదు. ఆ క్రిముల్ని మందులతో చంపితే పుండ్లు తిరగబెట్టడం తగ్గుతుందని తర్వాత ఎందరో రోగుల మీద చూశాకే నమ్మకం కుదిరింది.

ధైర్యం ఇద్దరిదీ ఒకటే. ఒకరు తప్పు, ఒకరు ఒప్పు. అంటే ఆ తేడా ధైర్యంలో లేదు.

మనకేమో అగ్నిపరీక్షల మీద పాత నమ్మకం. నిప్పులో దూకి బయటికొచ్చినవాళ్లు అబద్ధమాడరని అనుకుంటాం. ఆడకపోవచ్చు కూడా. కానీ అబద్ధమాడకపోవడం వేరు, చెప్పింది నిజం కావడం వేరు. జైలుకెళ్లిన నాయకుడి సిద్ధాంతాన్నీ, మనకోసం అన్నీ వదులుకున్న అమ్మానాన్నల సలహానీ ఇలాగే ప్రశ్నించకుండా ఒప్పేసుకుంటాం. వాళ్లు పడ్డ కష్టానికి విలువివ్వాలంటే వాళ్ల మాట కాదనకూడదు అనిపిస్తుంది. కష్టపడినవాళ్లకి మనం గౌరవం బాకీ ఉంటాం. అంగీకారం మాత్రం బాకీ లేం.

పెటెన్‌కోఫర్ తాగిన గ్లాసుకి దణ్ణం పెడదాం. నీళ్లు మాత్రం వడకట్టుకునే తాగుదాం.