వంటింటి బండకు రంగు

(మత్తయి 23వ అధ్యాయమును, యెహెజ్కేలు 13వ అధ్యాయమును చదువుకొనుడి.)



మన సీమలో ఇల్లు కట్టువాడు బండకొరకు దూరము పోనక్కరలేదు. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు వైపున నల్లబండ. బేతంచెర్ల వైపున లేతవన్నె పలకలు. గచ్చు, మెట్లు, గూళ్లు, వంటింటి బండ అన్నియు దానితోనే. 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ రాళ్లను గూర్చి పెద్ద గ్రంథము వ్రాసి, వాటిని మన కడప, కర్నూలు పేర్లతోనే పిలిచెను.

ఇటీవల ఈ బండమీద రంగు వేయు వాడుక వచ్చినది. సోడాతో జిడ్డు కడిగి, గరుకు కాగితముతో రుద్ది, తెల్లని ఎపాక్సీ రంగు పూసి, బూడిదవన్నెలో ముంచిన ఈకతో సన్నని నరములు గీసి, పైన అద్దమువంటి పూత పోయుదురు. దూరమునుండి చూచిన ఇటలీ చలువరాయే. (ఏండ్లతరబడి కొబ్బరినూనె రుద్దిన బండమీద మాత్రము రంగు నిలువదు, పెచ్చులుగా లేచును.)

మా సంఘములో ఒక సహోదరి అట్లు చేసికొన్నది. గృహకూడికకు వెళ్లినప్పుడు నేను చూచితిని. మరుసటి ఆదివారమే, సున్నము కొట్టిన సమాధులను గూర్చి ప్రసంగించుచు, వంటింటి బండలకు సహితము వేషము వేయు కాలము వచ్చినదంటిని. పేరు చెప్పలేదు. పల్లెలో పేరు చెప్పవలెనా? అందరి కన్నులు ఆమెవైపే తిరిగినవి. ఆ పిమ్మట రెండు ఆదివారములు ఆమె గుడికి రాలేదు.

నేను వెళ్లితిని. ఆమె మజ్జిగ యిచ్చి, మెల్లగా అడిగినది: “అయ్యగారూ, నా బండకు నేను రంగేసుకుంటే ఎవర్ని మోసం చేసినట్టు?”

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఆ బండ ఒక పలక కాదట. ఆమె పెనిమిటి గనిలో కూలిచేసిన దినములలో, పారవేసిన కుప్పనుండి తెచ్చుకొన్న అయిదు ముక్కల అతుకు. దానికి తోడు చింతపండు పులుసు. మన బండ సున్నపురాయి గనుక పులుపు దానిని తినివేయును. కొలిమిగుండ్ల మండలములోని బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా తొలిచబడుట యిట్టి పనివలననే: గాలిలోను నేలలోను స్వల్పమైన పులుపును కలుపుకొన్న నీరు వేలాది యేండ్లు సున్నపురాతిని కరగించినది. వంటింట్లో ఇరువది యేండ్లకు మచ్చలు, గుంటలు పడుటలో వింత యేమి? ఆ గదికి కిటికీ లేదు. తెల్లరంగు వేస్తే కొంచెము వెలుతురుగా ఉంటుందని వేసుకొన్నానన్నది.

ఇంటికి వచ్చి సెమినరీనాటి నోటుపుస్తకము తీసితిని. యెరూషలేములో సమాధులకు సున్నము కొట్టుట మొదట మోసమునకు కాదు. పస్కా పండుగకు వచ్చు యాత్రికులు తెలియక తాకి అపవిత్రులు కాకుండ, అది గురుతు. ప్రభువు దానిని పోలికగా తీసికొని, లోపలి కుళ్లును కప్పుకొన్న మతాధికారులను గద్దించెను గాని, సున్నపు కుండను గద్దింపలేదు. సొలొమోను దేవదారు పలకలకు బంగారము పొదిగించెను. అదియు పూతయే గదా! ఎఱ్ఱమన్నుతో పొయ్యి అలికి ముగ్గు వేసిన మన తల్లులు ఎవరిని మోసగించిరి? నేను నేర్చుకొన్నదే నాకు జ్ఞప్తికి రాలేదు. ప్రసంగము చక్కగా కుదిరినదన్న సంతోషములో మరచితిని.

అయినను పూతలో పాపమే లేదనుటకు నాకు నోరు రాదు. నేనెరిగిన యొకడు ఇల్లు అమ్మజూపి, వంటింటి బండ పగులును మైనముతో పూడ్చి, రంగు వేయించి, గ్రానైటని చెప్పెను. కొన్నవాడు పొయ్యిమీది గిన్నె దించిపెట్టగా రంగు పొంగి, పగులు బయటపడెను. యెహెజ్కేలు చెప్పిన కూలనున్న గోడ యిదే. అక్కడ నేరము పూతది కాదు. పగులున్నదని తెలిసియు లేదని చెప్పుటయే నేరము. ఆ మాట నమ్మి ఇతరుడు సొమ్ము పోగొట్టుకొన్నాడు.

నన్ను ఇంకొకటియు బాధించుచున్నది. గనికి పోవువారి బిడ్డలే నల్లబండను బీదల బండ అనుట విన్నాను. నజరేతునుండి మంచిదేదైన రాగలదాయని నతనయేలు సందేహించినట్లు, తమ ఊరి రాయి తమకే చులకన. తండ్రి వీపు వంచి తీసిన రాతిమీద ఇటలీ నరములు గీయించుకొనుటకు సిగ్గు కారణమైతే, అది మోసము కాకపోయినను నాకు దుఃఖమే. ఆమెనుకూడ అడుగుదామనుకొన్నాను గాని, వేడి సంగటి కుండ దించుటకు ఆమె రంగుమీద నల్లబండ ముక్క యొకటి వేయుట చూచి ఊరకుంటిని.

తరువాతి ఆదివారము, నేను తొందరపడి తీర్పు తీర్చితినని సంఘము ఎదుట ఒప్పుకొంటిని. ఆమె వచ్చియుండెను, తల యెత్తలేదు. ఆరాధన ముగిసినపిమ్మట గుడి మెట్లయొద్ద ముగ్గురు స్త్రీలు ఆమెను చుట్టుకొని, రంగుకు ఎంతైనదని అడుగుచుండిరి.