అసలు లోపం ఎక్కడ?

పనిచేసే చోట ఏదైనా తేడా వస్తే మనం ముందుగా అడిగేది "ఎవరు చేశారు?" అని. వెంటనే మెమో ఇస్తాం, జీతం కోస్తాం. రోగమేమిటో తెలియకుండా మందు మింగించడమే ఇది.

అపోస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. యెరూషలేములో అనుదిన సహాయం పంచేటప్పుడు తమ వితంతువులను పట్టించుకోవడం లేదని గ్రీకు భాష మాట్లాడే విశ్వాసులు సణిగారు. సణిగినవారిని గద్దించవచ్చు, పంచేవారిని దొంగలనవచ్చు. పన్నెండుమంది ఆ రెండూ చేయలేదు. ఆ పనికంటూ బాధ్యులు లేరని గ్రహించి, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫానుతో సహా ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే! ఫిర్యాదు ఎటునుండి వచ్చిందో సంఘం మరచిపోలేదన్నమాట.

వివేకానికి మూడు పనులున్నాయని 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు బోధించారు: విచారణ చేయడం, నిర్ణయించడం, అమలు జరిపించడం. మనకు మూడవదంటేనే ఇష్టం, చేతిలో అధికారముంటే మరీను. కాని విచారణ లేని తీర్పు ఉత్త తొందరపాటుతో పోదు. యంత్రం అరిగిపోయినందుకు కార్మికుణ్ణి సోమరి అన్నామనుకోండి, అది ఎనిమిదవ ఆజ్ఞను మీరడమే. ఆ మాట మోసుకొని అతడు ఇంటికి వెళతాడు, పిల్లల మధ్య అన్నానికి కూర్చుంటాడు. యంత్రం మాత్రం రేపు కూడా అలాగే ఆగుతుంది.