రొట్టె పెట్టించిన ఎలీషా తప్పుచేసెనా?

చదువవలసిన భాగము: రాజులు రెండవ గ్రంథము 6వ అధ్యాయము, 8 నుండి 31 వరకు

ఎలీషా శత్రుసైనికులకు అన్నపానములు పెట్టించి పంపివేసిన కథ మన ఆదివారపు బడి పిల్లలకును తెలియును. అయితే మనము 23వ వచనముతో గ్రంథము మూసివేయుదుము. తరువాతి వచనము చదువుడి. కొంతకాలమునకు సిరియా రాజు తన సైన్యమంతటితో వచ్చి షోమ్రోనును ముట్టడించెను. లోపల కరవులో ఒక తల్లి చేసిన పనిని వ్రాయుటకు నా కలము సాగదు. ఆనాడు ఆ దండును విడిచిపెట్టకున్నయెడల ఈ ముట్టడి తప్పియుండెడిదా?

ఇట్టి ప్రశ్నయే 1968లో సంఘముల యెదుటికి వచ్చినది. 1967 మే 30న ఆఫ్రికాలోని నైజీరియా దేశపు తూర్పు ప్రాంతము బయాఫ్రా అను పేర విడిపోయెను. జూలైలో యుద్ధము మొదలాయెను. రేవులు పోయినవి, దారులు మూసికొనినవి. మాంసకృత్తులు లేక పిల్లల పొట్టలును పాదములును ఉబ్బినవి, నల్లని జుట్టు ఎఱ్ఱబారినది. అప్పుడు ప్రొటెస్టంటు, కాథలిక్కు సంఘములు (మరి దేనికిని సులభముగా కలియనివారే!) ఏకమై, సావో టోమే ద్వీపమునుండి రాత్రివేళ విమానములలో పాలపొడి, నార్వే ఎండుచేప, మందులు మోసికొనిపోయిరి. ఊలీ యను చోట వెడల్పుచేసిన రోడ్డే వారికి విమానాశ్రయము. పైన బాంబుల విమానము తిరుగుచుండగా దీపములు కొద్దిసేపే వెలిగించెడివారు. యుద్ధము ముగియులోపల 5,000కు మించిన ప్రయాణములు జరిగినవి. 1969 జూన్ 5న రెడ్ క్రాసు విమానమొకటి కూల్చబడిన తరువాతను సంఘముల విమానములు మానలేదు.

అయితే అదే రోడ్డుమీద, అదే చీకటిలో, ఆయుధముల విమానములును దిగుచుండెను. సహాయముతో వచ్చిన విదేశీ ధనము బయాఫ్రా ప్రభుత్వమునకు చేరి యుద్ధమును పొడిగించెననియు, పాలపొడి రాకున్న యుద్ధము ముందే ముగిసి ఎక్కువమంది బిడ్డలు బ్రదికియుందురనియు తరువాత అనేకులు విమర్శించిరి. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు.

కాని ముందే ముగియుట ఎట్లు? పిల్లలు చచ్చుటచేతనే గదా! కరవులో సైనికుడు చివరిదాక తినును, చంటిబిడ్డ ముందు పోవును. ఆకలియు యుద్ధాయుధమేయని నైజీరియా పక్షపు నాయకులు కొందరు బాహాటముగా అనిరి. పగటి విమానముల చాటున శత్రువు దాడిచేయునని బయాఫ్రా నాయకుడు వాటికి ఒప్పుకొనలేదు. ఇద్దరి పట్టుదల నడుమ నలిగినది బిడ్డయే. అన్నము పెట్టుటకు ఎవరును క్షమాపణ చెప్పనక్కరలేదని నా నమ్మకము. అన్నము వెంట పోవు సొమ్ము ఎవరి చేత పడునో చూడకుండుట మాత్రము వేరు సంగతి. దానికి లెక్క అప్పగింపవలెను. పిడికెడు బియ్యము తీసిపెట్టు మన సహోదరీలు పెద్దలను లెక్క అడిగిన, అది అవిశ్వాసము కాదు.

ముట్టడిలో రాజు ఎలీషా తల తీయింతునని ఒట్టుపెట్టుకొనెను. అప్పుడైనను ఆ ప్రవక్త తాను పెట్టించిన రొట్టెను గూర్చి చింతించినట్లు గ్రంథములో లేదు.

1970 జనవరిలో బయాఫ్రా లొంగిపోయెను. ఆకలి ముదిరిన పిల్లలను వేలకొలదిగా తిరుగు విమానములలో గాబోను మొదలగు చోట్లకు చేర్చియుండిరి. 1970-71లో వారు మరల విమానమెక్కి, ఈసారి పగటివేళ, ఇండ్లకు తిరిగివచ్చిరి.